నీట మునిగిన బేస్‌మెంటుకు చవకలో కొత్త నేల: ప్రాజెక్టు డైరీ

పని మొదలయ్యేనాటి పరిస్థితి

2021 సెప్టెంబరు 1న ఐడా తుపాను శేషం అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం మీదుగా సాగినప్పుడు నెవార్క్‌లో ఒక్క రోజులో 8.41 అంగుళాల వాన నమోదైంది. ఎడిసన్‌లో 1971లో కట్టిన మా ఇంటి బేస్‌మెంటులో ఆ రాత్రి సంప్ పంపు, అంటే నేలలోని గుంటలో చేరే నీటిని బయటికి తోడే పంపు, వచ్చే నీటిని తోడలేక ఆగిపోయింది, మూడున్నర అంగుళాల లోతున నీరు నిలిచింది. గోడ, గచ్చు కలిసే అతుకు గుండా ఊరిన నీరే ఎక్కువ.

బేస్‌మెంటులో రెండు భాగాలున్నాయి. ముందరి హాలు 22 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు, అంటే 396 చదరపు అడుగులు. వెనక గది 11 అడుగుల 4 అంగుళాల పొడవు, 8 అడుగుల వెడల్పు, అంటే సుమారు 91 చదరపు అడుగులు. రెండింటిలోనూ గోడ నుంచి గోడ దాకా కార్పెట్టు ఉండేది.

మామూలు ఇంటి బీమా బయటి నుంచి వచ్చిన వరద నీటికి వర్తించదు. విడిగా తీసుకునే ఫెడరల్ వరద బీమా కూడా బేస్‌మెంటులో ఫర్నేసు, వాటర్ హీటరు వంటి వాటికి వర్తిస్తుంది గానీ నేలమీది కార్పెట్టుకు, పలకలకు వర్తించదు. కనుక ఈ డైరీలోని ప్రతి డాలరూ సొంత జేబులోనిదే. గోడల మరమ్మతును ఈ లెక్కలో కలపలేదు, ఇది నేల వరకే.

మొదటి దశ: ఆరబెట్టడం

1. తడిసిన కార్పెట్టును రెండడుగుల వెడల్పు పట్టీలుగా కత్తిరించి, చుట్టలు చుట్టి బయటికి చేర్చాము. వెడల్పు అంతకు మించితే ఒక మనిషి మెట్లెక్కించలేడు. కింద ఉండే స్పాంజి పరుపును ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చునని కొందరు చెప్పారు గానీ, నేలలోంచి ఊరిన నీటిని మురికి నీటిగానే లెక్కించాలి, కనుక దానినీ పారవేశాము.

2. గోడకు బిగించిన జిప్సం షీటు, అంటే డ్రైవాల్‌పై నీటి గుర్తు మూడున్నర అంగుళాల ఎత్తులోనే ఉన్నా, తేమ మీటరు పట్టి చూస్తే చెమ్మ 11 అంగుళాల దాకా ఎగబాకింది. 24 అంగుళాల ఎత్తున కోశాము. డ్రైవాల్ షీటు వెడల్పు 48 అంగుళాలు కనుక ఒక షీటును నిలువునా రెండుగా చీలిస్తే వృథా లేకుండా సరిపోతుంది.

3. లోపలి నిలువు చెక్కలను డిటర్జెంటు నీటితో తోమి కడిగి, రెండు ఫ్యాన్లు, గాలిలోంచి రోజుకు 50 పింట్ల నీరు లాగే డీహ్యూమిడిఫయరు పెట్టాము. చెక్కలో తేమ మొదట 28 శాతం ఉంది. 15 శాతం లోపుకు వచ్చేదాకా గోడ మూయలేదు.

4. పంపును అర హార్స్‌పవరుదిగా మార్చాము. పైకప్పు నీరు దింపే గొట్టాలకు పొడిగింపులు తగిలించి, నీరు పునాదికి దూరంగా పడేటట్టు చేశాము. నేల ఖర్చు తగ్గించే పనుల్లో అన్నింటికన్నా చవకైనది ఈ పొడిగింపులే.

ఖర్చు: డీహ్యూమిడిఫయరు 229, తేమ మీటరు 42, ఫ్యాన్లు 90, సంచులు, మాస్కులు, సబ్బు కలిపి 85, పంపు 219, గొట్టాల పొడిగింపులు 38 డాలర్లు. ఇప్పటి వరకు మొత్తం: 703 డాలర్లు.

రెండవ దశ: గచ్చులో చెమ్మ ఎంత

గచ్చు పైకి పొడిగా కనిపించడానికీ లోపల పొడిగా ఉండడానికీ సంబంధం లేదు. ముందుగా 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ కాగితాలను నాలుగు అంచులా టేపు వేసి గచ్చుకు అతికించి, 16 గంటలు దాటాక ఎత్తి చూశాము. బయటి గోడ పక్కన, సంప్ గుంట మూలన కాగితం అడుగున నీటి బొట్లు పట్టాయి, గచ్చు నల్లబడింది. హాలు నడుమ ఏమీ లేదు. ఈ పరీక్ష ఉందో లేదో చెబుతుంది గానీ ఎంత ఉందో చెప్పదు. అసలు అవసరమైనది ఆ ఎంత అనేదే, ఎందుకంటే నేలకు అతికించే సరుకులన్నీ ఒక హద్దు పెట్టుకొని ఉంటాయి.

అందుకని చెమ్మను పీల్చే ఉప్పుతో కొలిచే కాల్షియం క్లోరైడ్ కిట్లు తెప్పించాము. వెయ్యి చదరపు అడుగుల లోపు నేలకు మూడు చోట్ల పరీక్షించాలి. పద్ధతి ఇది:

1. గది ఉష్ణోగ్రత, గాలిలో తేమ మామూలుగా మనుషులు మసలే స్థాయిలో ఉండాలి. మా హాలులో గాలి తేమ 78 శాతం నుంచి 48 శాతానికి దిగేదాకా ఆగాము.
2. గచ్చును గీకి శుభ్రం చేసిన చోట, ముందే తూచిన ఉప్పు డబ్బీని పెట్టి, దాని మీద ప్లాస్టిక్ డోము బోర్లించి అంచులు మూయాలి.
3. 60 నుంచి 72 గంటల మధ్య తీసి, గ్రాములో పదోవంతు చూపే త్రాసులో మళ్ళీ తూచాలి.
4. పెరిగిన గ్రాములను 52.9తో గుణించి, డోము కప్పిన చదరపు అడుగుల వైశాల్యంతోనూ గడచిన గంటలతోనూ భాగిస్తే, వెయ్యి చదరపు అడుగుల నుంచి 24 గంటల్లో ఎన్ని పౌన్ల (పౌండ్ల) నీరు ఆవిరిగా పైకి వస్తున్నదో తెలుస్తుంది.

మా డోము వైశాల్యం 0.445 చదరపు అడుగులు, సమయం 66 గంటలు. హాలు నడుమ 1.4 గ్రాములు పెరిగితే లెక్క 2.5 పౌన్లు, బయటి గోడ పక్కన 2.3 గ్రాములకు 4.1 పౌన్లు, సంప్ మూలన 3.2 గ్రాములకు 5.8 పౌన్లు వచ్చాయి. బంకతో అతికించే చాలా వినైల్ (ప్లాస్టిక్) నేలలకు పాతకాలం నుంచీ చెప్పే హద్దు 3 పౌన్లు. ఒకే గచ్చులో ఒక మూల ఆ హద్దుకు దాదాపు రెట్టింపు, నడుమ హద్దు లోపల. ఒక్క చోట పరీక్షించి, ఫలితం బాగుందని నేల కొనేవారు ఈ తేడాను గమనించాలి.

గొట్టాల పొడిగింపులు పనిచేసి, డీహ్యూమిడిఫయరు ఆగకుండా నడిచిన కొన్ని వారాల తరువాత రెండోసారి అదే 66 గంటలు పరీక్షించాము. నడుమ 2.3, గోడ పక్కన 3.1, సంప్ మూలన 4.5 పౌన్లు వచ్చాయి. తగ్గింది, అయితే ఆ మూల ఇక మూడుకు దిగదని అర్థమైంది. బంకతో అతికించే వినైల్ ఆలోచనను ఇక్కడే వదిలేశాము.

ఖర్చు: మూడేసి కిట్ల పెట్టెలు రెండు, 108 డాలర్లు. ఇప్పటి వరకు మొత్తం: 811 డాలర్లు.

మూడవ దశ: వెనక గదిలో తొమ్మిదంగుళాల పలకలు

వెనక గదిలో కార్పెట్టు ఎత్తగానే కింద తొమ్మిదంగుళాల చదరపు పాత పలకలు, వాటి కింద నల్లటి బంక బయటపడ్డాయి. ఆ కొలత, ఆ నల్లబంక, 1980కి ముందు కట్టిన ఇల్లు, ఈ మూడూ కలిసినప్పుడు, పీల్చితే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ నార ఉందనే అనుకొని నడుచుకోవాలి. గీకడం, రుద్దడం, పగలగొట్టడం కూడదు. ఊడివచ్చిన పలక ముక్కను తడిపి సంచిలో మూసి, బంక ముక్కను వేరుగా మూసి, ప్రయోగశాలకు పంపాము. రెండింటిలోనూ ఉన్నదని ఫలితం వచ్చింది.

గట్టిగా అతికి ఉన్న పలకల వల్ల ప్రమాదం లేదు, కప్పివేస్తే చాలు. నీటికి లేచిపోయిన పలకలు మాత్రం తలుపు పక్కన ఒక వరుస, మూలన కొన్ని ఉన్నాయి. వాటిని తీయడానికి లైసెన్సు ఉన్నవారిని పిలిచాము. ఎంత చిన్న పనికైనా వాళ్ళ కనీస రుసుము 650 డాలర్లు. చదరపు అడుగుల లెక్కలో చూస్తే ఈ మొత్తం ప్రాజెక్టులో ఇంతకన్నా ఖరీదైన పని లేదు, అయినా ఇందులో బేరమాడవలసినది ఏమీ లేదు. ఊడిన చోట మిగిలిన గుంతలను వాళ్ళే సిమెంటు పూతతో సమం చేసి వెళ్ళారు.

ఖర్చు: రెండు నమూనాల పరీక్ష 90, తొలగింపు 650 డాలర్లు. ఇప్పటి వరకు మొత్తం: 1,551 డాలర్లు.

నాలుగవ దశ: ఏ నేల

ఈ దశ మీద అన్నింటికన్నా ఎక్కువ కాలం గడిచింది. దుకాణాల్లో అట్టపెట్టెల మీద "వాటర్‌ప్రూఫ్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ మాటకు అర్థం పలక నీటికి చెడదని మాత్రమే. పలక కింద చేరిన నీరు ఏమవుతుందో పెట్టె మీద ఉండదు. బేస్‌మెంటులో నీరు పైనుంచి ఒలకదు, కిందినుంచీ పక్కనుంచీ వస్తుంది. కనుక మేము వేసుకున్న ప్రశ్న వేరు: మళ్ళీ మూడంగుళాల నీరు నిలిస్తే ఈ నేలను తిరిగి వాడుకలోకి తేవడానికి ఎంత ఖర్చవుతుంది?

నమూనాలు కొని తెచ్చి 24 గంటలు బకెట్టు నీటిలో ముంచి, వెర్నియర్ కాలిపర్‌తో అంచు మందం కొలిచాము.

లామినేట్, అంటే చెక్కపొట్టు అట్ట మీద పైపొర అంటించిన పలక, 8.0 మిల్లీమీటర్ల నుంచి 9.9కి ఉబ్బింది. ఆరాక కూడా 9.3 దగ్గరే ఆగిపోయింది, అంచు బిస్కెట్టులా చేతికి రాలింది. గచ్చు మీద కాస్త ఎత్తులో కూర్చునే చెక్కపొట్టు ప్యానెళ్ళు 22 నుంచి 25 మిల్లీమీటర్లకు ఉబ్బాయి. అవి గాలి ఆడేందుకు, చలి తగ్గేందుకు మంచివే, చెమ్మకు పనికివస్తాయి, వరదకు పనికిరావు. రాతిపొడి కలిపిన గట్టి వినైల్ పలక, అంటే ఎస్‌పీసీ, 5.0 దగ్గర కదలలేదు. పోర్సిలిన్ పలక సంగతి చెప్పనక్కరలేదు.

మందం కదలలేదు కనుక ఎస్‌పీసీ నెగ్గినట్టే కనిపించింది. అందుకే దానికి ఇంకొక పరీక్ష పెట్టాము. సంప్ మూలన గచ్చు మీద ఒక మగ్గు నీరు పోసి, ఒకదానికొకటి బిగించిన నాలుగు పలకలను దాని మీద పరిచి, పైన బరువు పెట్టాము. పక్కనే అంతే నీరు పోసి వట్టి గచ్చును ఫ్యాను గాలికి వదిలాము. వట్టి గచ్చు మరునాటి ఉదయానికి పొడిబారింది. వారం తరువాత పలకలు ఎత్తితే కింద ఇంకా తడి, ముక్కుకు తగిలే బూజు వాసన. పైన పలక మాత్రం కొత్తదానిలా మెరుస్తూ ఉంది. అంటే నీరు వచ్చిన ప్రతిసారీ గోడ అడుగున బిగించే పట్టీలు, అంటే బేస్‌బోర్డులు, పీకి, పలకలన్నీ విప్పి, ఆరబెట్టి, మళ్ళీ బిగించాలి. విప్పేటప్పుడు ఒక పలక నాలుక, అంటే పక్క పలకలోకి బిగుసుకునే అంచు, విరిగింది కూడా.

గచ్చు మీద గట్టి పొరగా ఆరే ఎపాక్సీ పూతను కూడా రెండడుగుల చదరంలో వేసి చూశాము. హాలు నడుమ చక్కగా పట్టింది. సంప్ మూలన పొక్కులు లేచాయి, ఒక పొక్కును గోటితో చీలిస్తే లోపల తెల్లటి ఉప్పు పొడి. 4.5 పౌన్ల లెక్కకు కంటికి కనిపించే రుజువు అదే.

గాజు నార అడుగున్న వినైల్ షీటు చవకైనది, అతికించకుండా పరవవచ్చును, నీరు వస్తే చాపలా చుట్టి పక్కన పెట్టవచ్చును. అయితే మాకు 12 అడుగుల వెడల్పు రోలే దొరికింది కనుక 18 అడుగుల హాలులో అతుకు తప్పదు. అతుకు దగ్గర బంక కావాలి, బంక ఉంటే చుట్టడం ఉండదు.

మా బావగారు కార్పెట్టే వేయమన్నారు. "భజనకు పాతికమంది వస్తే ఈ చలినేల మీద ఎలా కూర్చుంటారు బావా" అన్నది ఆయన ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. నవంబరులో గచ్చు ఉపరితలం 61 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంది, గదిలో గాలి 68. దానికి జవాబు కూర్చునే చోట జంపఖానాలు పరచుకోవడమే. అవి ఉతికి ఆరేయవచ్చును, నీరు వస్తుందంటే చంకన పెట్టుకొని పైకి తీసుకుపోవచ్చును.

ఇక మట్టం లెక్క. పది అడుగుల అల్యూమినియం బద్దను గచ్చు మీద అన్ని దిక్కులా పెట్టి, కింది ఖాళీని కొలిచాము. సంప్ దగ్గర 5/16 అంగుళం పల్లం ఒకటి వదిలేస్తే, హాలులో గరిష్ఠ తేడా పది అడుగులకు 7/32 అంగుళం. బిగించే వినైల్‌కు సాధారణంగా అనుమతించే తేడా 3/16. పదిహేను అంగుళాలు, అంతకు మించిన అంచున్న పెద్ద పలకలకు 1/8. అంతకన్నా చిన్న పలకలకు 1/4. అంటే ఎస్‌పీసీ వేసినా, అందరూ ఇప్పుడు వేసుకుంటున్న రెండడుగుల పొడవు పలకలు వేసినా హాలంతా సమం చేసే సిమెంటు పోయాలి. 12 అంగుళాల పలకలు వేస్తే ఒక్క పల్లం పూడిస్తే చాలు.

హాలుకు సొంత కూలీతో వేసిన లెక్క ఇది: ఎస్‌పీసీ 436 చదరపు అడుగులు, 2.29 చొప్పున 998.44, సమం చేసే సిమెంటు తొమ్మిది బస్తాలు 324, మొత్తం 1,322 డాలర్లకు పైమాట. పన్నెండంగుళాల పోర్సిలిన్‌కు పలక, సిమెంటు, పలకల సందులు నింపే గ్రౌట్, కోత యంత్రం అద్దె అన్నీ కలిపి సుమారు 1,000. పలకలు ఖరీదన్న మాట కూలీ ఇచ్చి వేయించుకునేవారికి నిజం, సొంతంగా వేసుకునేవారికి మట్టం తేడాలు ఆ మాటను తారుమారు చేయగలవు.

నిర్ణయం: హాలుకు 12 అంగుళాల పోర్సిలిన్ పలకలు, వెనక గదికి అతుకు లేని వినైల్ షీటు.

ఖర్చు: నమూనాలు 61 డాలర్లు. ఇప్పటి వరకు మొత్తం: 1,612 డాలర్లు.

ఐదవ దశ: గచ్చు పైపొర తీయడం

హాలు గచ్చుకు ఎప్పుడో వేసిన బూడిదరంగు పెయింటు ఉంది. పలకలను అతికించే థిన్‌సెట్ సిమెంటు పెయింటును పట్టుకుంటుందా అన్నది తేల్చుకోవడానికి ఒక పలకను పరిచి రాత్రంతా వదిలాము. ఉదయం ఉలి పెట్టగానే పలక వెనక సిమెంటు మొత్తంతో సహా ఊడివచ్చింది, గచ్చు మీద ఒక్క రేణువు లేదు. నీటి బొట్టు పరీక్ష కూడా అదే చెప్పింది: బొట్టు గచ్చులో ఇంకకుండా పూసలా నిలబడింది.

1. 1978కి ముందటి పెయింట్లలో సీసం ఉండవచ్చును, ఇదీ అప్పటిదే కావచ్చునని ముందు సీసం పరీక్ష చేశాము, లేదని తేలింది. హాలులో నల్లబంక జాడ కూడా లేదని మూలమూలలా చూసుకున్నాకే యంత్రం ముట్టుకున్నాము.
2. నాలుగున్నర అంగుళాల గ్రైండరుకు వజ్రపు కప్పు చక్రం, దాని చుట్టూ దుమ్ము తొడుగు, తొడుగుకు సన్నని దుమ్మును కూడా పట్టే హెపా వాక్యూమ్. కాంక్రీటు దుమ్ములో ఊపిరితిత్తులకు హాని చేసే సిలికా ఉంటుంది, సన్నని దుమ్మును ఆపే పీ100 మాస్కు లేకుండా ఈ పని చేయరాదు.
3. ప్రతి రెండడుగులకు ఒక నీటి బొట్టు వేసి, ఇంకితేనే ముందుకు కదిలాము.

మెట్ల కింద చక్రం అందని నాలుగంగుళాల పట్టీని చేతి గీకుడు బిళ్ళతో తీయవలసి వచ్చింది. విసుగైన పని, వదిలేస్తే ఊడేది అక్కడే.

ఖర్చు: సీసం పరీక్ష 12, చక్రం 36, తొడుగు 29, వాక్యూమ్ అద్దె 62, మాస్కు గుళికలు 34 డాలర్లు. ఇప్పటి వరకు మొత్తం: 1,785 డాలర్లు.

ఆరవ దశ: హాలులో పలకలు

హాలు నడుమ రెండు సుద్ద గీతలు లంబంగా కొట్టి, అక్కడి నుంచి గోడల వైపు పరిచాము. పాత ఇళ్ళలో గోడలు తిన్నగా ఉండవు, మా బయటి గోడ 22 అడుగుల పొడవునా ముప్పావు అంగుళం వంకర తిరిగింది. గోడను పట్టుకొని మొదలుపెడితే ఆ వంకర ప్రతి వరుసలోనూ కనబడుతుంది.

1. పల్లాన్ని ఒక బస్తా పూడ్పు సిమెంటుతో నింపి ఆరనిచ్చాము.
2. పావు అంగుళం వెడల్పు, 3/8 లోతు పళ్ళున్న తాపీతో థిన్‌సెట్‌ను ఒకే దిక్కున గీశాము. అడ్డదిడ్డంగా గీస్తే గాలి లోపల చిక్కుకుంటుంది.
3. అప్పుడప్పుడు ఒక పలకను వెంటనే ఎత్తి వెనకభాగం చూశాము. మొదట్లో సిమెంటు అంటిన భాగం మూడింట రెండు వంతులే ఉంది. తాపీని 45 డిగ్రీల కోణంలో పట్టుకొని, పలకను గీతలకు అడ్డంగా జరిపి నొక్కడం మొదలుపెట్టాక తొంభై శాతం దాటింది.
4. రసమట్టం ప్రతి మూడో పలక మీద పెట్టాము.
5. గోడల వెంట పావు అంగుళం ఖాళీ వదిలి, గ్రౌట్ బదులు సిలికాన్ నింపాము.

గ్రౌట్ ఎండాక మూడు వారాలకు సంప్ మూలన సందుల మీద తెల్లటి పొర తేలింది. గచ్చులోని చెమ్మ ఉప్పును పైకి తెచ్చి వదిలి తాను ఆవిరైపోతున్నది. పొడి బ్రష్షుతో రుద్ది, పలుచని వెనిగరుతో తుడిచి, నీటితో కడిగితే పోయింది, మళ్ళీ కొంత తేలింది. దుకాణంలో గ్రౌట్ సీలరు పూయమని సలహా ఇచ్చారు. మేము పూయలేదు. దారి మూస్తే చెమ్మ ఆగదు, ఉప్పు సందు లోపలే పేరుకొని గ్రౌట్‌ను పగలగొడుతుంది. దానికి బదులు ఆ మూలన దిగే వాన గొట్టాన్ని, మిగిలిపోయిన ముక్కతో, ఇంకా పది అడుగులు దూరం జరిపాము.

ఖర్చు: పలకలు 450 చదరపు అడుగులు, 1.49 చొప్పున 670.50, థిన్‌సెట్ ఏడు బస్తాలు 161, గ్రౌట్ 38, పూడ్పు సిమెంటు 31, కోత యంత్రం అద్దె 75, సిలికాన్ 24 డాలర్లు. ఇప్పటి వరకు మొత్తం: 2,784.50 డాలర్లు.

ఏడవ దశ: వెనక గది, అంచులు

ఇక్కడ చెప్పవలసినది తక్కువ. 12 అడుగుల వెడల్పు రోలులో ఎనిమిదిన్నర అడుగుల ముక్క తెచ్చి, ఒక రాత్రి విప్పి వదిలి, గోడల వెంట పావు అంగుళం తక్కువగా కోశాము. బంక లేదు, తలుపు దగ్గర మాత్రం రెండువైపులా అంటే టేపు ఉంది. అడుగున పాత పలకలు కదలకుండా ఉన్నాయి.

రెండు గదులకూ బేస్‌బోర్డు పీవీసీది వేశాము. చెక్కపొట్టుతో చేసినది ఫుటుకు కొన్ని సెంట్లు చవకే గానీ, మొదటి తడికే ఉబ్బి గోడను వదిలేది అదే. వెనక గదిలో వాటిని బంకతో కాక మరలతో బిగించాము, షీటు చుట్టాలంటే విప్పుకోవడానికి.

ఖర్చు: షీటు 102 చదరపు అడుగులు, 1.09 చొప్పున 111.18, పీవీసీ బేస్‌బోర్డు 157.50 డాలర్లు. మొత్తం: 3,053.18 డాలర్లు.

ఇందులో గచ్చు గీకడం మొదలు బేస్‌బోర్డు దాకా నేల పని వాటా, సీసం పరీక్ష తీసేస్తే, 1,429.18. మొత్తం 487 చదరపు అడుగులకు పంచితే అడుగుకు 2.93 డాలర్లు. మొదట్లో ఒక కాంట్రాక్టరు ఎస్‌పీసీకి సరుకు, కూలీ కలిపి అడుగుకు 6.40 చెప్పారు, అంటే 3,116.80. ఆ ధరలో చెమ్మ పరీక్ష గానీ, సమం చేయడం గానీ, వెనక గది పాత పలకల ప్రస్తావన గానీ లేవు. గచ్చు మీద బద్ద పెట్టకుండా, కార్పెట్టు అంచు కూడా ఎత్తి చూడకుండా ధర చెప్పేవారికి పని ఇవ్వకపోవడమే మంచిది.

పని ముగిశాక

వేసవిలో ఒక గట్టి వానకు కరెంటు పోయి, పంపు ఆగి, సంప్ మూలన అర అంగుళం నీరు చేరింది. హాలులో తుడుపుకర్రతో గుంటలోకి తోసి, ఫ్యాను పెట్టి వదిలేస్తే మరునాటికి పని అయిపోయింది. వెనక గదిలో షీటు ఒక అంచు కిందికి నీరు పాకింది. మరలు విప్పి, మూడడుగుల మేర షీటును చుట్టి, పాత పలకలను మెత్తటి గుడ్డతో అద్ది, రెండు రోజులు ఆరబెట్టి మళ్ళీ పరిచాము. ఖర్చు సున్నా.

మిగిలిన పనులు రెండు. పంపుకు బ్యాటరీ తోడు పంపు కొనాలి, అది ఈ నేల మొత్తంలో కొన్న ఏ ఒక్క పరికరం కన్నా ఖరీదైనది. సంప్ మూలన గ్రౌట్ మీద ఉప్పు ఇప్పుడు వేలితో రాస్తే అంటేటంత మాత్రమే వస్తున్నది. రానున్న వసంతంలో మంచు కరిగాక ఆ మూల సందు ఒకటి తవ్వి చూసి, గ్రౌట్ మెత్తబడి ఉంటే ఆ నాలుగు పలకలను ఎత్తి, కింద గచ్చు మీద మూడోసారి ఉప్పు డబ్బీ పెడతాము.